నడిగోదావరిలో విన్నపం

గోదావరికి రైలు వంతెన పడకముందు, మా మరదలి పెళ్ళికని రాజమండ్రి రేవులో కొవ్వూరు పడవ ఎక్కాను. నాకు ఈత రాదు. బావిలోకి తొంగిచూసినా కళ్ళు తిరుగుతాయి. నాతోపాటు కచేరీ గుమాస్తా ఒకాయన ఎక్కాడు. ఆయన తలపాగా విప్పితే పడవకు తెరచాప కాగా, మిగిలింది పెళ్ళిపందిరికి సరిపోతుంది.

"ఏమండీ, కాస్త జరగండి," అన్నాడు పడవ సరంగు.

గుమాస్తా భగ్గుమన్నాడు. "ఏమండీ ఏంట్రా? నేనేమన్నా నీ బావమరిదినా? 'మహారాజశ్రీ గుమాస్తాగారి సముఖానికి' అని మొదలెట్టి విన్నవించుకో!"

"అలాగేనండి."

తీరా నడిగోదావరిలో సరంగు తెడ్డు ఆపి చేతులు కట్టుకున్నాడు. "మహారాజశ్రీ గుమాస్తాగారి దివ్య సముఖానికి, తమ పాదధూళి పడవోడు చేసుకునే విన్నపం ఏంటంటేనండి..."

గుమాస్తా మీసం దువ్వుకున్నాడు. నా కాళ్ళు చల్లబడ్డాయి.

"...తమ శ్రీపాదాల కింద పలక ఊడిందండి. గోదారమ్మ లోపలికి దయచేస్తోందండి!"

అప్పటికే ఆవిడ మోకాళ్ళదాకా దయచేసింది. నేను ముక్కోటి దేవతలకూ మొక్కేశాను, పేర్లు తెలియనివాళ్ళకు ఉమ్మడిగా. గుమాస్తా "బాబోయ్!" అంటూ సరంగు మెడకు వేలాడాడు.

సరంగు ఆయన తలపాగా ఊడబెరికి చిల్లులో కుక్కాడు. చేతికో తప్పేలా ఇచ్చి, "తోడు!" అని కసిరాడు.

"చిత్తం!" అన్నాడు గుమాస్తా. కొవ్వూరు రేవుదాకా ఆ చేతులు ఆగితే ఒట్టు.

మర్యాద ఉండాల్సిందే. కానీ మన తెలుగులో అసలు సంగతి వాక్యం చివర కూర్చుంటుంది. అది వచ్చేదాకా మనుషులైతే ఆగుతారు గానీ, నీళ్ళు ఆగవండి.