కిరోసిన్ ఫ్రిజ్‌లో పెరుగు

1984 మే నెలలో నన్ను ప్రయోగశాల నుంచి క్షేత్ర పరీక్షల విభాగానికి మార్చారు. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో శీతలీకరణ యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. నా హోదా అసిస్టెంట్ టెస్ట్ ఇంజనీరు. అంటే రీడింగులు తీసుకోవచ్చు, యంత్రం విప్పి బిగించవచ్చు, కానీ నివేదిక కింద సంతకం పెట్టే అధికారం ఉండదు. ఆ అధికారం టెస్ట్ ఇంజనీరుది. మా విభాగంలో ఆ హోదాలో ఉన్నది కోజో. ఘానా దేశస్థుడు, నాకంటే పదేళ్ళు పెద్ద.

పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. ముప్ఫై రెండేళ్ళకే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని మావారు నవ్వుతారు. పాప నిద్రపోయాక దొరికే కాస్త సమయంలో, అది దగ్గినప్పుడల్లా లేచి వెళ్ళి చూసి వస్తూ రాస్తున్నాను. ఆ వేసవిలో చేసిన ఒక్క పరీక్ష గురించే రాస్తాను. ఇంజనీర్లు అసలు ఏం చేస్తారని అడిగేవాళ్ళకి అది చాలు.

కోజో తల్లిగారి ఊరు వోల్టా సరస్సుకి అవతల ఉంది. పడవలో సరస్సు దాటి, ఆ తర్వాత నడిచి వెళ్ళాలి. ఊళ్ళో ఒక చిన్న ఆరోగ్య కేంద్రం, ఒక నర్సు. కరెంటు లేదు. తట్టుకి వేసే టీకా మందు చల్లదనం తప్పితే పనికిరాకుండా పోతుంది. కంటికి మాత్రం తేడా తెలియదు. ముందు ఏడాది ఆ ఊళ్ళో పిల్లలకి టీకాలు వేశారు. అయినా తట్టు వచ్చింది, పిల్లలు పోయారు. కోజో చెల్లెలి కూతురు వాళ్ళలో ఒకతె. మందు దారిలోనే ఎక్కడో వేడెక్కింది. ఈ సంగతి అతను నాకు ఒక్కసారే చెప్పాడు, మళ్ళీ ఎత్తలేదు.

మా దగ్గర అలాంటి చోటికి సరిపోయే యంత్రం ఉంది. మోటారు, కంప్రెసర్ లేని ఫ్రిజ్ అది. అడుగున చిన్న కిరోసిన్ దీపం వెలుగుతుంది, ఆ మంట వేడి గొట్టాల్లోని అమ్మోనియాని కదిలిస్తుంది, పైన చలి పుడుతుంది. మంటతో మంచు పుట్టడం చూసినవాళ్ళు మొదట నమ్మరు. దీనికి రెండు చాదస్తాలున్నాయి. బల్లపరుపుగా నిలబడాలి, కాస్త వంగినా గొట్టాల్లో ప్రవాహం ఆగిపోతుంది. వత్తి సమంగా కత్తిరించి ఉండాలి, మంట నీలంగా ఉండాలి. మంట పసుపుపచ్చగా మారిందంటే మసి పడుతున్నట్టు, చలి తగ్గుతున్నట్టు.

ఆ ఊరికీ చుట్టుపక్కల ఊళ్ళకీ కావలసిన ఫ్రిజ్‌లు కొనిస్తామని నార్త్ కరోలినాలోని ఒక ధర్మసంస్థ ముందుకొచ్చింది. వాళ్ళ షరతు ఒకటే. ఎండాకాలంలో, కుదుపుల దారిలో, ఊరి కరెంటు ముట్టకుండా, టీకా మందు రెండు నుంచి ఎనిమిది సెల్సియస్ డిగ్రీల మధ్య నిలబడుతుందని చూపించాలి. ఒక్కసారి ఎనిమిది దాటినా పరీక్ష తప్పినట్టే. ఓడ ఖర్చు, కిరోసిన్ ఖర్చు మేమే కూడగట్టుకోవాలి. అప్పుడు కోజోకి ఆలోచన తట్టింది. పరీక్షా, విరాళాల సేకరణా ఒకే ప్రయాణంలో ఎందుకు కాకూడదు? ఫ్రిజ్‌ని వ్యాన్‌లో ఎక్కించి న్యూజెర్సీ నుంచి నార్త్ కరోలినా దాకా ఊరూరా ఆపి జనానికి చూపిద్దామన్నాడు.

సంస్థ తరఫున డాక్టర్ వీలర్ మాతో వచ్చారు. ఆఫ్రికాలో ఎన్నో ఏళ్ళు పనిచేసి రిటైరైన వైద్యుడు. ఏ విషయం మీదా తన అభిప్రాయం చెప్పేవారు కాదు. ఆగిన ప్రతిచోటా వెనక తలుపు దగ్గరికి వచ్చి థర్మామీటర్ చూసుకుని వెళ్ళిపోయేవారు.

థర్మామీటర్లు రెండు. ఫ్రిజ్ తలుపు మీద ఉన్న ముల్లు లోపలి గాలి వేడిమిని చూపిస్తుంది. రెండోదాన్ని మందు సీసాల మధ్య, నీళ్ళు నింపిన ఒక సీసాలో ముంచి ఉంచాం. దాని గాజుగొట్టం ఫ్రిజ్ బయటికి వస్తుంది, తలుపు తెరవకుండానే చదవవచ్చు. గాలి త్వరగా వేడెక్కుతుంది, మందు నెమ్మదిగా వేడెక్కుతుంది. అందుకే కోల్డ్ చెయిన్ పనిలో, అంటే మందుని దారి పొడవునా చల్లగా చేరవేసే పనిలో, తుది మాట సీసాలోని థర్మామీటర్‌దే. అసలు మందు తీసుకెళ్ళలేదు, సీసాల్లో ఉన్నది నీళ్ళే. సీసాల చుట్టూ కింది అర నిండా కూడా నీళ్ళ డబ్బాలు, పైన చిన్న గదిలో మంచు ప్యాకెట్లు పెట్టాను. ఇంత బరువెందుకని కోజో సణిగాడు. పై అర మాత్రం గాలి తిరగడానికి ఖాళీగా వదిలాను.

బండి నడుస్తున్నప్పుడు మంట ఆర్పేసి, బ్యాటరీకి కలిపిన కాయిల్ వేడితో నడిపేవాళ్ళం. ఆగగానే రసమట్టం పెట్టి, చక్రాల కింద చెక్కలు దోపి, బండిని సమం చేసి దీపం వెలిగించేవాళ్ళం. ఎడిసన్‌లో మొదటి సభ. ఆ తర్వాత డెలావేర్, మేరీలాండ్, వర్జీనియాల్లో చర్చిల పార్కింగ్ లాట్లు, ఫైర్ స్టేషన్లు, ఒకచోట స్కూలు మైదానం. వత్తి కత్తిరించే పని నాది. మా అమ్మ వత్తుల స్టవ్వు మీద వంట చేసేది, ఆ స్టవ్వు వత్తులు సరిచేయడం చిన్నప్పుడు నా వంతు. రిచ్‌మండ్‌లో ఒక ఫైర్‌మన్ నా కత్తెర చూసి, "ఇంజనీరువా, మంగలివా?" అన్నాడు. కోజో నా బదులు, "మూడు పూటలకోసారి క్షవరం. అందుకే మంట అంత అందంగా ఉంది," అన్నాడు.

వర్జీనియా దాటేసరికి సీసాలో వేడిమి ఒక్కసారి కూడా ఆరు దాటలేదు. మిగిలింది మోరిస్‌విల్. ఆదివారం అక్కడ చివరి సభ, సోమవారం ఉదయం సంస్థ కమిటీ ముందు హాజరు.

అప్పట్లో మోరిస్‌విల్ అంటే రైలు పట్టాల పక్కన చిన్న ఊరు. దగ్గర్లోని రీసెర్చ్ పార్క్‌లో పనిచేసే తెలుగు కుటుంబాలు కొన్ని ఉండేవి. వాళ్ళలో ఒకరైన రత్నమాల గారు మా సభ కోసం అందరినీ తమ ఇంటికి భోజనానికి పిలిచారు. ఆవిడ రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. నన్ను చూసిన పది నిమిషాల్లో నీ పెళ్ళెప్పుడయింది, ఇంకా పిల్లలెందుకు లేరు, ఇంత చిక్కిపోయావేమిటి అని అడగడం పూర్తిచేశారు.

ఆ రోజు ఎండ విపరీతంగా ఉంది. వ్యాన్‌ని డ్రైవ్‌వేలో సమం చేసి, దీపం వెలిగించి, గాలి ఆడేలా వెనక తలుపులు బార్లా తెరిచాం. పదకొండింటికి లోపల కోజో స్లైడ్లు చూపించడం మొదలుపెట్టాడు. ప్రొజెక్టర్ దగ్గర నేను నిలబడ్డాను. డాక్టర్ వీలర్ ముందు వరసలో కూర్చున్నారు. స్లైడ్లు ముగిశాక బయటికి వచ్చాం. తలుపు మీది ముల్లు పన్నెండు డిగ్రీల దగ్గర ఉంది.

మొదట వత్తి చూశాను, నీలంగానే ఉంది. రసమట్టం చూశాను, బుడగ నడిమధ్యనే ఉంది. ఫ్రిజ్ తలుపు తెరిచాను. ఖాళీగా వదిలిన పై అరలో పెద్ద స్టీలు గిన్నెలో పెరుగు, దాని పక్కన ఇంకా గోరువెచ్చగా ఉన్న సేమ్యా పాయసం, దాని మీద మూత పెట్టిన ఆవడల పళ్ళెం. వెంటనే తలుపు మూసేశాను.

వెనకనుంచి రత్నమాల గారు వచ్చారు. "మా ఫ్రిజ్‌లో సూది పట్టే చోటు లేదమ్మాయ్. మీదేమో పై షెల్ఫ్ మొత్తం ఎంప్టీ. కింద చూస్తే నీళ్ళ సీసాలే కదా. ఎలాగూ రన్ అవుతోందని పెట్టాను."

అది తినే పదార్థాలు పెట్టే ఫ్రిజ్ కాదని చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"మందు ఏమన్నా పాడైందా?"

"మందు లేదండీ. పరీక్ష పాడైంది."

డాక్టర్ వీలర్ మా తెలుగు అర్థం కాకపోయినా ముల్లు చూశారు, గిన్నెలూ చూశారు. కోజో వ్యాన్ బంపర్ మీద కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. సీసాలో థర్మామీటర్ అయిదున్నర చూపిస్తోంది, పైకి వెళ్తోంది. గిన్నెలు తీసేద్దామని నేను చెయ్యి చాపాను.

డాక్టర్ వీలర్ ఆపారు. అలాగే ఉంచమన్నారు. ఎనిమిది దాటితే పరీక్ష తప్పినట్టు రాస్తానని, దాటకపోతే ఆ మాట కూడా రాస్తానని చెప్పి మడత కుర్చీ తెప్పించుకుని ఫ్రిజ్‌కి ఎదురుగా కూర్చున్నారు. నియమం ప్రకారం ఇప్పుడే పరీక్ష తప్పినట్టు రాయవచ్చు కదా అని నేను అడిగాను. మందు ఎంత వేడెక్కిందన్నదే నియమం, ఫ్రిజ్‌లో ఏముండాలన్నది కాదు, అన్నారాయన.

ఇక భోజనాల సంగతి. ఇంటినిండా తెలుగువాళ్ళు. పప్పు, కూర, పులుసు దాకా అయ్యాయి. పెరుగు ఫ్రిజ్‌లో ఉంది, ఫ్రిజ్ తలుపు తెరవకూడదు. పెరుగు లేకుండా భోజనం ముగించడం అక్కడ ఎవరికీ చేతకాదు. రత్నమాల గారు ప్లేటుతో నిలబడ్డ ప్రతివారికీ సంజాయిషీ చెప్పుకుంటూ తిరిగారు. గోపాలం గారని స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు ఒకాయన ఖాళీ పేపర్ ప్లేటుతో డ్రైవ్‌వేలోకి వచ్చి, "ఏమ్మా, మా పెరుగుకి బెయిల్ ఎప్పుడు?" అని అడిగారు. సీసా థర్మామీటర్ గురించి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు సరిచేసుకుని చదివి, లోపలికి వెళ్ళి అందరికీ ప్రకటించారు, "ఆరున్నర. ఇంకా ట్రయల్ నడుస్తోంది."

అప్పటినుంచి జనం విడతలు విడతలుగా బయటికి రావడం మొదలైంది. స్లైడ్లు చూస్తున్నప్పుడు ఆవలించినవాళ్ళు కూడా ఎండలో నిలబడి గాజుగొట్టం వైపు చూశారు. ఎవరో కోజోని అతని ఊళ్ళో అయితే ఇలా జరుగుతుందా అని అడిగారు. "మా ఆంటీలు ఇంతకంటే ఘోరం. పామ్ సూప్ కుండ పొయ్యి మీంచి దించి నేరుగా పెడతారు," అన్నాడు కోజో. ఆ మధ్యాహ్నం అతను నవ్వడం అదే మొదలు. డాక్టర్ వీలర్ తల తిప్పి అతనివైపు చూశారు. తాను పనిచేసిన రోజుల్లో ఆరోగ్య కేంద్రాల ఫ్రిజ్‌లలో చేపలు, బీరు, ఒకచోట పెళ్ళి కేకు కూడా చూశానని, పరీక్షలు చేసే కంపెనీలేవీ వాటిని లోపల పెట్టి చూడవని అన్నారు.

సీసాలో వేడిమి ఏడు దాటింది. రత్నమాల గారు నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకున్నారు. "నా వల్ల ఆ పిల్లలకి మందు రాకుండా పోతే నేను తట్టుకోలేనే, శారదా," అన్నారు.

ఏడుంబావు దగ్గర గీత ఆగింది. అరగంట కదల్లేదు. కింది అరలోని నీళ్ళ డబ్బాలూ పైనున్న మంచూ ఆ పాయసం వేడిని తాగేస్తున్నాయి, దీపం తన పని తాను చేసుకుపోతోంది. నాలుగు గంటలయ్యేసరికి గీత ఏడు కిందికి దిగింది. డాక్టర్ వీలర్ మరో రెండు రీడింగులు తీసుకున్నారు. ఆరున్నర, ఆరు. అప్పుడు లేచి కుర్చీ మడిచి, గిన్నెలు బయటికి తీయవచ్చని చెప్పారు.

ఆ సాయంత్రం డ్రైవ్‌వేలోనే అందరూ పెరుగన్నం తిన్నారు. పెరుగు చల్లగా గడ్డకట్టి ఉంది. "కిరోసిన్ వాసన లేదే," అని గోపాలం గారు ఒకటికి రెండుసార్లు వడ్డించుకున్నారు. డాక్టర్ వీలర్ మాగాయ ముక్కతో తిని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అడిగారు. రత్నమాల గారు చీర చెంగు నడుముకి దోపి విరాళాల డబ్బాతో ఒక్కొక్కరి ముందూ నిలబడ్డారు. పెరుగు వడ్డించింది తానే కనుక కాదనడానికి ఎవరికీ వీల్లేకపోయింది. దారి పొడవునా మేం కూడగట్టలేకపోయిన ఓడ ఖర్చు అక్కడ పూర్తయింది.

సోమవారం కమిటీ ముందు డాక్టర్ వీలర్ మాట్లాడింది కొద్ది వాక్యాలే. ఫ్రిజ్‌ని ఎవరూ జాగ్రత్తగా చూసుకోనప్పుడు కూడా మందు చెడలేదని తాను స్వయంగా చూశానని, తాను చూసిన పరీక్షల్లో నమ్మదగినది ఇదొక్కటేనని చెప్పారు. వాళ్ళు ప్రశ్నలు అడగకుండానే ఒప్పుకున్నారు. కోజో బయటికి వచ్చి కారిడార్‌లో గోడకి ఆనుకుని నిలబడి, "శారదా, ఇక నీ నీళ్ళ డబ్బాల బరువు గురించి ఒక్క మాట కూడా అనను," అన్నాడు.

డిసెంబరులో అతనే వెళ్ళి ఫ్రిజ్‌లు నిలబెట్టి వచ్చాడు. ప్రతి కేంద్రంలోనూ ఫ్రిజ్ పక్కన తడి ఇసుక పోసిన పెద్ద మట్టి తొట్టి పెట్టించాడు, నర్సు ఇంటి తిండి అందులో ఉండడానికి. మరుసటి ఏడాది ఆ ప్రాంతంలో తట్టు వచ్చింది. టీకాలు వేసిన పిల్లల్లో ఎవరూ పోలేదని అతని చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. ఆ కబురు వచ్చిన రోజు మా విభాగంలో మధ్యాహ్నం నుంచి ఎవరూ పని చెయ్యలేదు.

ఇప్పుడు పాపకి టీకా వేయించడానికి తీసుకెళ్తే క్లినిక్ ఫ్రిజ్ తలుపు ఎంతసేపు తెరిచి ఉందో చూస్తూ నిలబడతాను. నర్సుకి నా మీద విసుగు. ఒకసారి లోపల ఎవరిదో లంచ్ డబ్బా కనబడింది. థర్మామీటర్ అడిగి చూసి, సరిగ్గా ఉందని తెలిశాకే పాప చెయ్యి చాపించాను.

ఆ ప్రయాణం తర్వాత మా విభాగంలో పరీక్షా పద్ధతి మారింది. ప్రయోగశాలలో అన్ని పరీక్షలూ నెగ్గిన యంత్రాన్ని, దాని గురించి ఏమీ చెప్పకుండా, నలుగురు మసిలే చోట ఒక పూట వదిలిపెట్టాలి. ఎవరినీ వారించకూడదు, రీడింగులు మాత్రం తీసుకోవాలి. నాకు టెస్ట్ ఇంజనీరు హోదా వచ్చాక నేను సంతకం పెట్టిన మొదటి నివేదిక ఈ పద్ధతిలో చేసిన పరీక్షదే. వాడేవాళ్ళు తప్పు చేయరని నమ్మి తయారుచేసిన యంత్రం ఇంకా పూర్తికాని యంత్రం. నేను ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది అది.