రత్నమ్మ పెన్సిలు

ఫ్యాను గాలి నేరుగా తగిలితే చాలు, కళ్లలో ఇసుక పోసినట్టవుతుంది. ఇప్పుడూ అంతే. రాస్తున్న వ్యాసం ఆపి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ రెప్పల మీద వేసుకున్నాను. ఆ వెచ్చటి తడి తగిలితే రత్నమ్మ గుర్తొస్తుంది.

తొంభైల చివర హోసూరులో, చిన్న యంత్ర భాగాలు చేసే కార్ఖానాలో నాది తనిఖీ పని. రోజంతా భూతద్దంలో చూసి, గీతపడ్డవాటిని ఏరెయ్యాలి. సూళగిరి నుంచి వచ్చే రత్నమ్మ మా సూపర్‌వైజరు. ఆదివారాలు నేను మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. కంటిజబ్బుకు మారెమ్మకు వెండి కళ్లు మొక్కుకునేవాళ్లను వేదికెక్కి ఉతికి ఆరేసేవాణ్ణి. రత్నమ్మ ఆ మొక్కు తీర్చిందని తెలిసి, భోజనాల దగ్గర అందరి ముందూ అడిగాను.

“రేకు కళ్లు తీసుకుని అమ్మవారు అసలు కళ్లిచ్చిందా అక్కా?”

“నీ నోటికి ఒక దండమప్పా. ముందు అన్నం తిను,” అందామె.

ఆ ఏడాదే నా కళ్లు మొరాయించాయి. మధ్యాహ్నానికల్లా ఎర్రబడి, ధారగా కారేవి. మూడు నెలల్లో కార్ఖానాలో కంటి పరీక్ష. తప్పితే పని పోతుంది. మందుల షాపులో అడిగి చుక్కల మందు కొన్నాను. వేస్తే గంటలో ఎరుపు పోయేది. రెండు నెలలు అదే వేసుకున్నాను. ఒకరోజు రత్నమ్మ ఆ సీసా చేతిలోకి తీసుకుంది.

“ఎవరు రాసిచ్చినారు?”

“షాపాయన.”

“ఆయనేమి డాక్టరా? నీకు కండ్లు ఎండినాయప్పా.”

నవ్వాను. “నీళ్లు కారుతుంటే ఎండడమేంటక్కా?”

“ఎండి గట్టిపడిన చేన్లో జోరువాన పడితే నీళ్లు ఇంకుతాయా? పైపైన పారిపోతాయి. ఇదీ అంతే. భూతద్దం ముందర కూచుంటే నువ్వు రెప్ప కొట్టేదే మరస్తావు. నేను ఈడ నుంచి చూస్తానే ఉండాను. నాకు వచ్చింది కూడా ఇదే.”

“మరి వెండి కళ్లతో తగ్గలేదా?”

“అమ్మకు కండ్లిచ్చినాను. కృష్ణగిరికి పోయి డాక్టరుకూ చూపించినాను. నువ్వు యాడికి పోయినావు? ఆ సీసా మీద ఏముందో చదివినావా? ఊరికంతా బుద్ధి చెప్తావే!”

సీసాను భూతద్దం కింద పెట్టి, దాని మీది అక్షరాలు మొదటిసారి చదివాను. మర్నాడే కృష్ణగిరి వెళ్లాను.

కృష్ణగిరి డాక్టరు ఆ మందు మాన్పించాడు. అందులో స్టెరాయిడు ఉంది, డాక్టరుకు చూపించకుండా వాడుతూ పోతే కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చన్నాడు. కన్ను తడిగా ఉంచే చుక్కలు, వేడి కాపడం, నిండుగా రెప్ప వాల్చడం: ఇంతే చెప్పాడు. రత్నమ్మ మేనేజరుతో మాట్లాడి నా పరీక్ష వాయిదా వేయించింది, అందాకా నన్ను ప్యాకింగుకు మార్చింది. నేను కుదుటపడి తనిఖీకి తిరిగొచ్చాక ఆమె కొత్త పద్ధతి పెట్టింది. ఉండుండి పెన్సిలుతో బల్ల మీద టక్కున కొట్టేది. వరుసంతా ఒక్కసారి కళ్లు మూసుకునేవాళ్లం. ఆ నెలే పరీక్షలో గట్టెక్కాను.

వెండి కళ్ల మీద నాకు నేటికీ నమ్మకం లేదు. వాటి మీద రాస్తూనే ఉన్నాను, అలసిపోయినా సరే. కానీ మొక్కుకున్న మనిషి ఎదురైతే ఎగతాళి చెయ్యను. డాక్టరుకు చూపించారా అని అడుగుతాను. ఆ ప్రశ్న ముందు నాకు నేను వేసుకోవాలని నేర్పింది మొక్కు తీర్చిన మనిషే.

గుడ్డ చల్లారింది. ఇంకా సగం వ్యాసం ఉంది. పెన్సిలుతో బల్ల మీద ఒక దెబ్బ కొట్టి, కళ్లు మూసుకున్నాను.