చింతపండుతో తోమిన రేకు

మా మనవరాలు గోళ్ళరంగు సీసా మూత తీసి బల్ల మీద పెట్టింది. వంటింట్లో ఉన్న నాకు ఆ ఘాటు వాసన తగలగానే చేతిలో గరిటె ఆగిపోయింది. పాతకాలపు విమానాల రెక్కల మీద గుడ్డ బిగుసుకోవడానికి పూసే ద్రావకానిది సరిగ్గా ఇదే వాసన. దానితోపాటే శేషగిరి గారు గుర్తొచ్చారు. ఆయన పోయి నాలుగేళ్ళవుతోంది.

చిన్నప్పుడు గుండెజబ్బు చేసి నేను బడికి వెళ్ళలేదు. అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. అందుకే అమెరికాలో ఈ నోవై ఊరికి వచ్చాక ఎవరైనా ఏం చదివారని అడిగితే, టీ పెట్టాలన్న నెపంతో లోపలికి వెళ్ళిపోయేదాన్ని. శేషగిరి గారు కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరై, శనివారాలు ఒక చిన్న మ్యూజియంలో పాత విమానాలు బాగుచేసేవారు. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి, దేవుడి మందిరానికి నేను కుట్టిన తెర అంచును చాలాసేపు చూశారు.

"మెషీనా అమ్మా, చేత్తోనా?"

"చేత్తోనేనండీ."

"అయితే శనివారం మాతో రండి. రెక్కకి గుడ్డ కుట్టేవాళ్ళు లేరు."

"నాకు డిగ్రీ అదీ లేదండీ."

"మా విమానానికి కాగితాలే లేవు. ఒకరికొకరు సరిపోతారు," అన్నారు నవ్వకుండా.

అది రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలపు యుద్ధవిమానం. పైనొకటి, కిందొకటి జంట రెక్కలు. ముందు పైలట్, వెనక తుపాకీ పట్టే మనిషి. అమెరికాలోనే తయారైంది కానీ అమెరికా సైన్యం కోసం కాదు. అప్పట్లో ఇక్కడి సైన్యం కొనేది తక్కువ కాబట్టి, ఫ్యాక్టరీ మూతపడకూడదంటే బయటి దేశాలకు అమ్ముకోవాల్సిందే. కొనేవాళ్ళు కోరిన ఇంజనే బిగించి, భాగాలు విప్పి పెట్టెల్లో సర్ది ఓడెక్కించేవారట. చైనాకు వెళ్ళాయి, దక్షిణ అమెరికాకు వెళ్ళాయి. మాది ఎక్కడికి వెళ్ళిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఎన్నో ఏళ్ళ తరువాత ఎవరో దాన్ని తుక్కుగా వెనక్కి తెప్పించి గోదాములో పడేశారు. అది ఏ దేశానికి అమ్ముడైందో తేల్చాలని శేషగిరి గారు పదకొండేళ్ళుగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు.

"మనం రిపేర్ చేస్తున్నది బొమ్మ కాదమ్మా. దీని చప్పుడు విని ఎవరో తలెత్తి చూసి పరిగెత్తుంటారు. వాళ్ళెవరో తెలియాలి కదా," అనేవారు.

ఒక శనివారం ఆయన డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఆలస్యంగా వస్తానన్నారు. అంతకు ముందు వారమే పైలట్ సీటు పక్కనుంచి ఊడదీసిన అరచేతంత ఇత్తడి రేకు బల్ల మీద నల్లగా, జిడ్డుగా పడుంది. ఆయన వచ్చేసరికి మెరిపించాలని ఇంటి దగ్గరే అనుకుని, చింతపండూ పీచూ డబ్బాలో పెట్టుకు వెళ్ళాను. నలభై ఏళ్ళు దీపపు కుందులు తోమిన చేతులు. అరగంటలో ఫ్యాక్టరీవాళ్ళు చెక్కిన అక్షరాలన్నీ బంగారంలా బయటపడ్డాయి.

మాతో పనిచేసే కుర్ర ఇంజనీరు ప్రసాద్ చూసి, "ఆంటీ, హారతిపళ్ళెం చేసేశారు. ఇక కర్పూరమే తక్కువ," అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో.

శేషగిరి గారు వచ్చి రేకును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అటూ ఇటూ వంచి చూశారు.

"ఈ మూల నల్ల పెయింట్‌తో ఏదో ఉండాలే?"

"జిడ్డనుకున్నానండీ."

"కొన్న దేశంవాళ్ళు తమ నంబర్ అక్కడ వేసుకునేవారమ్మా." ఆయన కుర్చీలో కూర్చున్నారు. "ఫొటో తీద్దామని ఇవాళ కెమెరా తెచ్చాను."

రేకును మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చి, ఇక వెళ్ళకూడదని నిశ్చయించుకున్నాను. తరువాతి శనివారం ఆయనే కార్‌లో వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టారు.

మ్యూజియంకి వెళ్ళేసరికి ప్రసాద్ అంటున్నాడు. "ఏదో ఒక దేశం మార్క్ వేసేద్దాం అంకుల్. చైనాది వేస్తే జనం ఫొటోలు దిగుతారు. ఎవరు చూడొచ్చారు?"

"మనం చూశాం కదయ్యా," అన్నారు శేషగిరి గారు. తరువాత ఒక ఖాళీ అట్ట నా ముందు పెట్టారు. "విమానం ముందు పెట్టే బోర్డుకి మేటర్ మీరే రాయండి."

"నేనా? నా ఇంగ్లీష్..."

"తెలిసింది రాయండి. తెలియనిది తెలియదని రాయండి. ఎందుకు తెలియకుండా పోయిందో కూడా."

"నా పేరు రాయనా?"

"ఇద్దరివీ. అంత ముఖ్యమైనదాన్ని బల్ల మీద వదిలేసి వెళ్ళింది నేను."

అలాగే రాశాను. ఈ విమానం ఎవరికి అమ్మారో మాకు తెలియదు, ఆ సంగతి చెప్పగలిగిన రాతను శుభ్రం చేయబోయి మేమే చెరిపేశాం అని. కింద రెండు పేర్లు. రెక్కల మీద ఏ దేశపు గుర్తూ వేయలేదు, వెండిరంగుతోనే వదిలేశాం. ఆయన ఉత్తరాలు రాయడం మానలేదు. జవాబు రాకుండానే వెళ్ళిపోయారు. అందులో నా చేయి ఉందన్న బాధ పోలేదు, పోవాలని కూడా నేను కోరుకోను.

ఆ రేకు సంగతి జరగకముందు, రోజూ సాయంత్రం దీపం పెట్టి, తెలిసీ తెలియక చేసిన తప్పులన్నీ మన్నించు స్వామీ అని గుత్తగా ఒక్క మాటలో చెప్పుకునేదాన్ని. ఇప్పుడలా కాదు. కోడలి మీద విసుక్కున్నానా, ఫోన్ చేస్తానన్న మనిషికి చేయలేదా, ఏ రోజు తప్పు ఆ రోజు పేరుపెట్టి చెబుతాను. కొన్నిసార్లు చాలాసేపు పడుతుంది. దీపంలో ఇంకాస్త నూనె పోసుకుని మళ్ళీ కూర్చుంటాను.