క్లచ్ స్విచ్‌కు నేను చేసిన వైద్యం

ఒక పెళ్లిని నడివీధిలో ఆపేంత శక్తి చదువుకు ఉంటుందంటే మీరు నమ్మరు. నా చదువుకు ఉండేది. అదీ బడిలో నేర్చింది కాదు, పాత పుస్తకాలు తిరగేసి సొంతంగా సంపాదించింది.

ఎనభైలనాటి మాట. వరంగల్ మట్టెవాడలో మా బావకు ఒక అంబాసిడర్ టాక్సీ ఉండేది. దొంగల భయంతో దానికి నేనే ఒక రహస్య స్విచ్ బిగించాను. క్లచ్ పెడల్‌ను అడుగు దాకా తొక్కితేనే ఆ స్విచ్ కలుస్తుంది, అప్పుడు తాళం తిప్పితేనే ఇంజను స్టార్టవుతుంది. దొంగలెవరూ రాలేదు. స్విచ్ చివరికి మమ్మల్నే పట్టుకుంది.

ఆ రోజు స్టేషన్ ఘన్‌పూర్ చర్చిలో బావ తమ్ముడి పెళ్లి. అది కాగానే పాస్టరు గారు రైలెక్కి నెక్కొండలో ఇంకో పెళ్లి చేయాలి. మేం ఆలస్యమైతే ఆయన ఆగరు. మా పెళ్లి ఇంకో రోజుకు వాయిదా పడ్డట్టే. వెనక సీట్లో పెళ్లికొడుకు, పక్కన బావ తల్లి. చర్చిలో జంట మోకరించడానికి ఆమె కొన్న మందమైన ఓరుగల్లు తివాచీని, పెళ్లి కారుకు మర్యాదగా ఉంటుందని, నేను బావ కాళ్ల కింద పరిచాను.

బావ తాళం తిప్పాడు. కారు మౌనవ్రతం పట్టింది.

"నూకుదాం పట్టు, బామ్మర్ది."

"పెండ్లి కారును నూకితే ఇజ్జత్ ఏముంటది బావా? జర ఆగు, లెక్క తీస్త."

తివాచీ తీసి పక్కన పెట్టి, పెడల్ కిందికి తల దూర్చాను. స్విచ్ వైరు విప్పి టెస్ట్ బల్బు కట్టి, బావను తాళం తిప్పమని, పెడల్‌ను చేత్తో నొక్కాను. బల్బు క్రిస్మస్ నక్షత్రంలా వెలిగింది.

"స్విచ్ మంచిగున్నది," అని ప్రకటించి, వైరు బిగించి, తివాచీని ముడత లేకుండా పరిచాను. బావ తాళం తిప్పాడు. చప్పుడు లేదు.

మళ్లీ తివాచీ తీశాను. బల్బు వెలిగింది. మళ్లీ పరిచాను. కారు కదల్లేదు. పాఠకులారా, మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. మీరు నాలాగా బానెట్ మీద చాక్‌పీసుతో వోల్టులను ఆంపియర్లతో భాగిస్తూ కూర్చోలేదు కదా.

"ఏం తేలింది?" అన్నాడు బావ.

"దారిల ఏదో రెసిస్టెన్స్ అడ్డం పడ్తాంది."

"ఆ అడ్డం పడేది నువ్వే," అన్నాడు పెళ్లికొడుకు కిటికీలోంచి. "ఆడ అయ్యగారు రైలెక్కుతాండో ఏమో."

మూడోసారి తివాచీ పరిచేసరికి పెద్దావిడ కారు దిగింది.

"నా తివాచీ నాకియ్యి. మేం బస్సుల పోతం."

బావ కాళ్ల కిందినుంచి దాన్ని లాగి చుట్టేసింది. బావ ఆ కోపంలో క్లచ్‌ను అడుగంటా తొక్కి తాళం తిప్పాడు. కారు గర్జించింది.

తివాచీ మందం పెడల్‌ను అడుగు దాకా పోనివ్వలేదు, అంతే. పరీక్షకు ముందు రోగాన్ని తీసి పక్కన పెట్టి, పరీక్షయ్యాక మర్యాదగా రోగికి తిరిగి అప్పగించిన వైద్యుణ్ని నేను.

"ఎక్కుండ్రి, జల్ది ఎక్కుండ్రి," అన్నాడు బావ. నేను ముందు తలుపు పట్టుకున్నాను. పెద్దావిడ ఆ సీట్లో తివాచీని కూర్చోబెట్టి తలుపేసింది.

"నువ్వు బస్సుల రా బిడ్డా. నువ్వెక్కితే దారిల మళ్ల చెక్ చేస్తవు."

పెళ్లి సమయానికే జరిగింది. నేను చేరేసరికి బగారన్నంలో లవంగాలే మిగిలాయి. వాటిని నములుతూ అక్కడే ఒట్టు పెట్టుకున్నాను: ఏ యంత్రాన్నయినా ముందు బాగుచేసి, ఆ తర్వాత దానికేం జబ్బో వెతికే పని ఈ జన్మలో చేయను.