మధ్య వరస కుండీలు

గల్ఫ్‌కి వచ్చి ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నేను పనిచేసే ఇంట్లో ఫ్రిజ్ అడుగు అర అమ్మాజీది. అందులో కూరగాయలు పెట్టకూడదు. నేను చేరిన కొత్తలో, తడిగుడ్డలో చుట్టిన గోధుమ మొలకలు అక్కడ కనిపిస్తే, ఎప్పుడు రుబ్బమంటారని అడిగాను.

"రుబ్బడానికి కాదు బేటీ. వీటికి ఆరు వారాలు గట్టి చలి తగలాలి. లేకపోతే కంకి వేయవు. ఈ ఊళ్లో అంత చలి ఈ పెట్టెలోనే దొరుకుతుంది," అన్నారు అమ్మాజీ.

అమ్మాజీ మా సార్ వాళ్ల అమ్మగారు. ఉత్తరాది కొండల్లో కొత్త గోధుమ వంగడాలు తయారుచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కొడుకు దగ్గరికి వచ్చాక కూడా ఆ పని మానలేదు. పొలానికి బదులు డాబా, మడులకు బదులు కుండీలు, అంతే తేడా. మా మాటలు హిందీలో సాగేవి. నా హిందీ అంతంతమాత్రం కాబట్టి ఎక్కువగా తలూపేదాన్ని. చెప్పాలనుకున్నవి నా డైరీలో తెలుగులో చెప్పుకునేదాన్ని.

మొదటి చలికాలం రాసుకున్న పేజీలు ఇప్పటికీ నాకిష్టం. ఒక రకం గోధుమకు గింజ బాగుంటుంది కానీ తుప్పు తెగులు ఇట్టే పడుతుంది. ఇంకో రకం గింజ సన్నం కానీ తెగులుకు లొంగదు. అమ్మాజీ చిన్న పట్టకారుతో మొదటి రకం కంకిలోని పుప్పొడి తిత్తులన్నీ ఒక్కొక్కటే తీసేసి, కాగితం సంచి తొడిగి, రెండు రోజుల తర్వాత రెండో రకం పుప్పొడి చల్లారు. ఒక్క కంకికి పొద్దుటి పూటంతా పట్టింది. మధ్యలో మంచినీళ్లు కూడా అడగలేదు. అంత ఓపికను నేను అంతకుముందు పుస్తకాల్లోనే చదివాను.

ఆ గింజలు నాటితే వచ్చిన మొక్కల గింజలను మూడో చలికాలం ముప్పై కుండీల్లో వేశారు, కుండీకో మొక్క. వాటి మధ్యన ఒక వరస మాత్రం తెగులు పట్టే పాత రకం. దగ్గర్లోని ఒక తోటలో తుప్పు పట్టిన గోధుమ ఆకుల మీంచి దులిపి తెచ్చిన ఇటుకరంగు పొడిని ఆ మధ్య వరస మీదే చల్లారు.

సల్మాబాద్ కార్మికుల క్యాంపు నుంచి రోజూ వచ్చే మా డ్రైవరన్నది జగిత్యాల వైపు. గల్ఫ్‌లో ఏ దేశమైనా అతనికి దుబాయే. డాబా మీదికి నీళ్ల డబ్బా మోసుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం చెల్లె, గీ దుబాయిల తెగులును గూడ సాకుతున్నరా? మా ఊర్ల తెగులొస్తె మందు గొడ్తరు. మీ అమ్మాజీ ఉల్టా!"

"ఊరుకో అన్నయ్యా, వింటారు."

అమ్మాజీకి కంటి ఆపరేషన్ పడింది. వెళ్లేముందు మధ్య వరస గురించి నాకు చాలాసేపు ఏదో చెప్పారు. సగం అర్థం కాలేదు. మళ్లీ అడగడానికి సిగ్గేసి తలూపాను. చివరన అన్న మాట మాత్రం బాగా అర్థమైంది: "ఈ చలికాలం తప్పితే ఇంకో చలికాలం నా చేతిలో లేదు."

ఆవిడ లేని రెండో రోజు చూస్తే మధ్య వరస ఆకుల నిండా తుప్పు. పక్క కుండీల్లో కూడా అక్కడక్కడా చుక్కలు. మా నాన్న కౌలు రైతు. తెగులు సోకిన వరి దుబ్బు కంటపడితే పీకి ఊరవతల పారేసి వచ్చేవాడు. నేనూ అదే చేశాను. మధ్య వరస మొత్తం పీకి చెత్త సంచిలో కట్టి పడేశాను. మిగిలిన ముప్పై మొక్కల ఆకులు సబ్బు నీళ్లతో ఒక్కొక్కటే తుడిచాను. అమ్మాజీ ఓపిక నాకూ వచ్చిందని ఆ రోజు డైరీలో గొప్పగా రాసుకున్నాను.

డ్రైవరన్న చూసి నోరు తెరిచాడు. "ఖలాస్! చెల్లె, ఆమె కావాలనే పెట్టింది కదనే ఆ తెగులు! అది పక్కలకు పాకితెనే కదా ఏది తట్టుకుంటదో ఎర్కయ్యేది. కార్ల నాకు సుత చెప్పింది."

ఖాళీ అయిన మధ్య వరస దగ్గర చతికిలబడ్డాను.

"పావురాలు పీకినయని చెప్పు. ఇక్కడ పావురాలకు ఏం కొదువ!" అన్నాడు జాలిగా.

ఆ మాట రెండు రోజులు నాతోనే తిరిగింది. అమ్మాజీ నల్లకళ్లద్దాలతో ఇంటికొచ్చి, నేరుగా డాబా మీదికి నడిపించమన్నారు. తడుముకుంటూ మధ్యకు వెళ్లి, ఖాళీ మట్టిలో వేళ్లు పెట్టి ఆగిపోయారు.

"నేనే పీకాను అమ్మాజీ. మీరు చెప్పింది అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాను. మిగతావి కడిగేశాను."

ఆ ఇంట్లో నేను ఒక్కసారిగా మాట్లాడిన మాటల్లో అవే ఎక్కువ. ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. పొంగొచ్చే కోపం కోసం నేను నిలబడి ఉన్నాను.

"సబ్బుతో పోయేదైతే నేను జుట్టు నెరిసేదాకా ఈ పని ఎందుకు చేస్తాను?" అన్నారు చివరికి. "అది ఆకు లోపలికి దిగి ఉంటుంది. పట్టిన మొక్కల్లో మళ్లీ బయటికొస్తుంది. కానీ శుభ్రంగా మిగిలినవి వాటి బలంతో మిగిలాయో, నీ సబ్బు వల్ల మిగిలాయో ఇప్పుడెలా తెలుస్తుంది? మళ్లీ చల్లాలి. ఈసారి నువ్వు చల్లు. అర్థం కాకపోతే పదిసార్లు అడుగు."

నిజంగానే పదిసార్లు అడిగాను. వారం తిరక్కుండానే కొన్ని కుండీల్లో తుప్పు మళ్లీ పొంగింది. ఆ పొడిని మెత్తటి బ్రష్‌తో శుభ్రంగా మిగిలిన మొక్కల ప్రతి ఆకుకూ రాశాను. సాయంత్రం తేమ నిలిచేలా నీళ్లు చిలకరించి ప్లాస్టిక్ కవరు కప్పడం, పొద్దున్నే తీయడం. ఎండలు ముదిరితే తెగులు పట్టదని ఇద్దరికీ గుబులే. తెగులు రావాలని మొక్కుకున్నది నా జీవితంలో అప్పుడే.

పన్నెండో రోజు అమ్మాజీ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. చూపు ఇంకా కుదురుకోలేదు. "నీ కళ్లతో చూసి చెప్పు," అన్నారు.

ఒక్కో ఆకూ తిప్పి చూశాను. ఐదు కుండీలు పచ్చగా మెరుస్తున్నాయి. ఐదు అనబోయి, చివరి మొక్క అడుగు ఆకును ఇంకోసారి వెనక్కి తిప్పాను. ఆవగింజలో సగం కూడా లేని చుక్క. ఆవిడకు కనపడదు. ఐదంటే ఎంత సంతోషిస్తారో తెలుసు.

"నాలుగు అమ్మాజీ. ఐదోదానికి అడుగున ఒక చుక్క ఉంది."

ఆవిడ ఆ ఆకును వేళ్ల మధ్య పట్టుకుని, గరుకును తడిమి, మొదటిసారి గట్టిగా నవ్వారు. "నా దగ్గర చదువుకున్న పిల్లలు కూడా ఈ చుక్కను వదిలేసేవాళ్లు."

ఇప్పుడు ఫ్రిజ్ అడుగు అరలో ఆ నాలుగు మొక్కల గింజల కవర్లున్నాయి. వాటి మీద కుండీల అంకెలు నా చేతిరాతే. కొత్తిమీర పెట్టబోయిన సార్‌ని నిన్న నేనే ఆపాను.