ఐలేశం బావ తివాచీలో వాటా

మా ఐలేశం బావకు మనిషి కనబడితే చాలు, తివాచీలో వాటా పెట్టమని అడగాలి. అడగకపోతే ఆయనకు తిన్నది అరగదు. ఎదుటివాడు పెళ్లికి పోతున్నాడా, దవాఖానకు పోతున్నాడా అన్న విచారణ లేదు. చెట్టు మీంచి పడి కాలు విరిగిన జంగయ్యను మంచం మీద వేసుకుని దేవరకొండ దవాఖానకు మోసుకుపోతుంటే, ఒక మంచంకోడు భుజాన పెట్టుకున్న బావది దారి పొడవునా అదే పాట.

"కాలు వోతే వోయింది జంగయ్యా, ఫికర్ జెయ్యకు. వాటా వెడితే కూసున్న కాడికే లాభమొస్తది."

"నన్ను దించుండ్రి! కుంటుకుంటనే వోత!" అని జంగయ్య ఏడ్చాడు.

బావ మా గుర్వమ్మక్క మొగుడు. మాది దేవరకొండ పక్క ఊరు. కురుమలం, గొర్లు కాస్తాం, గొంగళ్లు నేస్తాం. ఒకసారి దేశ్‌ముఖు గడీలో గొంగళ్లు ఇచ్చి రావడానికి పోయి, బావ అక్కడ పరిచిన తివాచీని చూశాడు. ఇక ఆయన మునుపటి మనిషి కాదు.

"చెయ్యి వెట్టి చూసిన బామ్మర్దీ. మోచేతి దాక దిగింది!"

"దొర ఊకున్నడా?"

"దొర లేడు. దులిపే జీతగాడు తిట్టిండు. తిడితే తిట్టిండు గని, గసొంటిది మనూరి ఉన్నితోటి నేసి పట్నంల అమ్మితే, గొర్లకు గూడ వెండి గంటలు గట్టొచ్చు!"

గొర్రెలకు ఉన్ని కత్తిరించినప్పుడు తలా ఒక మూటెడు ఇస్తే అదే వాటా. తివాచీ అమ్ముడుపోతే లాభంలో పాలు. ఇంత సులువైన బేరం. అయినా నాకు తెలిసి ఒక్కడూ పిడికెడు ఉన్ని ఇవ్వలేదు. బావ వస్తున్నాడంటే ఊరి కుక్కలు కూడా సందు మారేవి.

అవి రజాకార్ల రోజులు. వాళ్లు వస్తున్నారని తెలిస్తే మేం జొన్నచేలల్లో దూరేవాళ్లం. బావ మాత్రం ఎదురుపోయేవాడు. కొత్త మనుషులు కదా, ఇంకా అడగలేదు!

"సంఘపోళ్లు యాడున్నరు?" అని గుర్రం మీంచి వాళ్ల నాయకుడు గద్దించాడు.

"నాకెరుక లేదు దొరా. తివాచి సంగతైతే ఎరుకే. జర దిగుండ్రి, చెప్త."

దిగకపోయినా చెప్పాడు. ఎండ నెత్తికెక్కేదాకా చెప్పాడు. చివరికి గుర్రమే వెనక్కి తిరిగిందో, నాయకుడే తిప్పాడో తెలియదు కానీ ఇద్దరూ వెళ్లిపోయారు.

సంఘం దళం వచ్చినప్పుడు బావి గట్టున మీటింగు పెట్టారు. భూమి అందరిది, పంట అందరిది అన్నాడు దళనాయకుడు. బావ లేచి నిలబడ్డాడు.

"మరి తివాచి గూడ అందరిది గావద్దా అన్నా? తలా ఒక వాటా..."

"వాటాలు, లాభాలు పెట్టుబడిదారుల తొవ్వ!"

"తొవ్వ ఏదైతేంది అన్నా? మీద తివాచి పరిస్తే మెత్తగుంటది."

ఆ తర్వాత పోలీసు యాక్షనులో యూనియన్ మిలిట్రీ వచ్చింది. బావ లారీకి అడ్డం పడి, మన భాష రాని సిపాయికి చేతులతో గాలిలో తివాచీ పరిచి, దాని మీద కూర్చుని చూపించాడు. ఈయనకు కాళ్లు నొస్తున్నాయనుకుని సిపాయి లారీ ఎక్కించుకుని దేవరకొండలో దింపాడు. బావ సాయంత్రానికి నడిచి వచ్చి, "మంచోళ్లే. వాటా సంగతి సోంచాయిస్తరు" అన్నాడు.

నిజాం మనుషులు, సంఘంవాళ్లు, యూనియన్ సర్కారు ఒక్క మాట మీద నిలబడ్డది బహుశా ఈ విషయంలోనే. ఐలేశం తివాచీలో వాటా ఎవరికీ వద్దు.

మా ఇంటి వెనక జానయ్య అప్పటికే దళంతో అమ్రాబాద్ అడవికి పోయాడు. భార్య యాదమ్మ ఇద్దరు పిల్లలతో మిగిలింది. మిలిట్రీకి భయపడి ఆమెను ఎవరూ కూలికి పిలవలేదు. మహా అభిమానం గల మనిషి. మా అక్క చాటెడు జొన్నలు తీసుకుపోతే తలుపు కూడా తీయలేదు. ఆ ఏండ్లు ఎలా నెట్టుకొస్తోందో మాకు అంతుబట్టలేదు.

యాభయ్యొకటిలో పోరాటం ఆగిపోయాక జానయ్య తిరిగి వచ్చాడు. గడ్డం, చినిగిన అంగీ. మరునాడు పొద్దున్నే వచ్చి మా బావ వాకిట్లో నిలబడ్డాడు.

"ఐలేశా, నేను నీ తివాచిల వాటా వెట్టిన్నా?"

బావ గొంతు తగ్గడం నేను అదే మొదటిసారి వినడం. "వెట్టినవు గద. యాదికి లేదా?"

"నువ్వొస్తున్నవంటె గోడ దుంకి ఉరికేటోన్ని! ఎప్పుడు వెట్టిన?"

"దుంకుకుంటనే సరే అన్నవు."

వెనకాలే యాదమ్మ వచ్చింది. "ఉన్ని కత్తిరిచ్చినప్పుడల్ల జొన్నలు దెచ్చిచ్చిండు. పట్నంల తివాచి అమ్ముడువోయింది, గిది నీ పెనిమిటి పాలు అన్నడు. ఊరందర్ని అడుగుతడు గద, ఈయనను గూడ అడిగే ఉంటడు, ఈయన వెట్టే ఉంటడనుకున్న. మా సొమ్మేనని తిన్నం."

"మాకు గూడ ఇచ్చిండు!" అని గోడవతలి నుంచి బక్కమ్మ అరిచింది. ఆమె మొగుడు మారయ్య ఈ మధ్యే జైలు నుంచి వచ్చాడు.

మా అక్క కొంగు నడుముకు చెక్కుకుంది. "ఆగుండ్రి. మందల సగం గొర్లు లేవు. అడిగితే తోడేలు ఎత్కపోయిందంటివి. ఏం తోడేలయ్యా అది, అంగడిల గొర్లమ్మి జొన్నలు గొనే తోడేలు?"

బావ నేల చూపులు చూశాడు. "ఊకనే ఇస్తే యాదమ్మ తీస్కుంటదా? ఎనకింట్ల పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే నాకు ముద్ద దిగకపాయె."

జానయ్య వెళ్లిపోయి, కాసేపటికి ఎక్కడో అడిగి తెచ్చిన ఉన్నిమూటతో వచ్చాడు. వెంట మారయ్య, ఇంకో మూట. రెండూ బావ ముందు పెట్టారు.

"గిప్పుడు నిజంగనే వెడుతున్నం. నెయ్యి తివాచి."

బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "నేసుడా? నాకు తివాచి నేసుడు రాదు!"

"మరి గిన్నేండ్లు ఏ ధైర్యంతోటి అడిగినవు?"

"ఎవ్వడు వెట్టడని!"

ముందు యాదమ్మ నవ్వింది. తర్వాత జానయ్య నవ్వాడు, గడ్డం ఊగేలా. "గొంగడి నేసుడైతే వచ్చు గద, కూసో" అంది మా అక్క. "చలి మొదలైతాంది."

ఆ చలికాలమంతా బావ మగ్గం మీంచి లేవలేదు. అడవి నుంచీ జైలు నుంచీ వచ్చినవాళ్లకు గొంగళ్లు నేశాడు. మొదటిది జానయ్యకు. జానయ్య దాన్ని కప్పుకుని అరుగు మీద కూర్చుని, పిల్లలిద్దరినీ లోపలికి లాక్కున్నాడు. మూడు తలకాయలే బయటికి కనబడ్డాయి.

"గుచ్చుతాంది బాపూ" అంది చిన్నది.

"గుచ్చనియ్యి బిడ్డా" అని జానయ్య దాన్ని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.