నోరు మెదపకూడని మనిషికి నా కేర్ ప్లాన్

చక్కటి దస్తూరితో ఒక మనిషి గొంతును, దాంతోపాటు వాళ్ళింటి అన్నాన్ని పోగొట్టబోయిన నర్సును నేను. నవ్వండి, పరవాలేదు. నాకైతే నవ్వడానికి చాలాకాలం పట్టింది.

అప్పుడు జూబ్లీహిల్స్‌లోని ఒక ఆసుపత్రిలో కొత్తగా చేరాను. ఏ రోగిని ఎలా చూసుకోవాలో నర్సులు రాసిపెట్టే కేర్ ప్లాన్లను బాగుచెయ్యాలని పైవాళ్ళు పూనుకున్న రోజులవి. "ఒక్క గడి గూడ ఖాళీ ఉండొద్దు," అంది మా హెడ్ సిస్టర్ యాదమ్మ. నా ప్లాన్లలో ఖాళీ అన్నదే ఉండేది కాదు. ఎలాగంటారా? పక్క మంచం ప్లాన్ చూసి దింపేసేదాన్ని.

ఒకరోజు సత్యంగారనే రోగికి గొంతులో కణితి తీశారు. ఆయన ఫిల్మ్‌నగర్‌లో విలన్లకు డబ్బింగ్ చెప్పే ఆర్టిస్టు. వారం పాటు నోరు మెదపొద్దని డాక్టరుగారు ఆయనకూ భార్యకూ చెప్పి వెళ్ళారు. పక్క మంచం పెద్దాయనకు ఛాతీ ఆపరేషన్; ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా ఆయన దగ్గాలి, మాట్లాడాలి. ఆయన ప్లానే సత్యంగారికీ దింపాను: "గట్టిగా దగ్గించాలి. వీలైనంత మాట్లాడించాలి." కింద గీత కూడా గీశాను. చదవేస్తే ఉన్నమతి పోయిందంటారు. నాకు రాయబోతే పోయింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి నా ముందు షిఫ్టు సిస్టర్ కవిత ఆయన్ని బతిమాలుతోంది.

"సార్, జర ఒక్క డైలాగ్ చెప్పుండ్రి."

ఆయన రెండు చేతులతో నోరు మూసుకున్నారు.

"డాక్టరుగారు మాట్లాడొద్దన్నారండీ," అంది ఆయన భార్య.

"ప్లాన్‌ల మాట్లాడించుమని ఉంది మేడం. సార్ అసలే సహకరిస్తలేడు."

"ఆ గొంతు పోతే మేం ఏం తిని బతకాలమ్మా?"

పరుగున వెళ్ళి కవిత చేతిలో కాగితం లాక్కున్నాను. "ఆగు కవితా. అది పక్క మంచం ప్లాన్. నేనే రాసిన."

యాదమ్మ వచ్చి కాగితం చదివింది. "రాసే ముందు ఈయన మొఖం చూసినవా బిడ్డా?"

"లేదు సిస్టర్."

"గట్లయితే ఖాళీ గడే నయముండె."

వారం తర్వాత ఆయన పరీక్షకు వచ్చారు. డాక్టరుగారు గొంతు చూసి, "ఇక మాట్లాడండి," అన్నారు. ఆయన భార్య కొంగు పిడికిట్లో బిగించింది. సత్యంగారు నావైపు తిరిగి, గది అదిరేటట్టు అన్నారు:

"ముందు ఈ అమ్మాయిని గట్టిగా దగ్గించండి."

దగ్గాను. దగ్గుతూనే ఏడ్చాను.

ఆ విలన్ గొంతు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మంచం దాకా వెళ్ళి, మనిషిని చూసి, మాట్లాడి తప్ప ప్లాన్ రాయను. మాట్లాడొచ్చో లేదో ముందు డాక్టరుగారిని అడుగుతాను.